75వ అంతస్తులో కనిపించిన మార్షల్

(అగ్నిమాపక వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మన్ ప్రసంగం)

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పిల్లలు వెనక వరసలో ఉన్నారు. కళ్లు మూతలు పడుతున్నాయి, కనిపిస్తూనే ఉంది. కునుకు తీసినా నేనేమీ అనుకోను. సర్వీసంతా నేనూ ఆ వరసలోనే కూర్చున్నాను.

ఏప్రిల్ 14 ఎందుకు జరుపుకుంటామో ఇందాక జిల్లా ఫైర్ ఆఫీసర్ గారు చెప్పారు. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ ఓడ పేలింది. పత్తి బేళ్లూ పేలుడు సరుకూ ఒకే ఓడలో వేసుకొచ్చారు. ఆర్పడానికి వెళ్లిన మనవాళ్లు 66 మంది తిరిగి రాలేదు. దాని మీద నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇంకో ఊళ్లో, ఇంకో రోజున మెట్లెక్కిన ఒక మనిషి గురించి చెప్పాలని మైకు అడిగి తీసుకున్నాను.

రెండేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లాం. ఒక రోజు న్యూయార్క్‌లో, 2001లో ఉగ్రవాదులు విమానాలతో కూల్చేసిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాల చోటు చూపించాడు. రెండు భవనాలూ నిలబడ్డ జాగాలో రెండు పెద్ద గుంటలు వదిలేసి, చుట్టూ నీళ్లు పడేలా కట్టారు. గట్టు మీద కంచు పలకలు. వాటిలో చనిపోయినవాళ్ల పేర్లు కోసి ఉంటాయి. చెక్కడం కాదు, అక్షరాన్ని అవతలికి వెళ్లేలా కోసేశారు. వేలు పెడితే లోపలికి పోతుంది. దక్షిణ భవనం గుంట గట్టు మీద ఫైర్‌వాళ్ల పేర్లు, స్టేషన్ల వారీగా. ఆ ఒక్క రోజున పోయిన న్యూయార్క్ ఫైర్ సిబ్బంది 343 మంది. చదువుకుంటూ నడుస్తుంటే ఒక పేరులో తెల్ల గులాబీ గుచ్చి ఉంది. అదేంటని అడిగితే, ఎవరి పుట్టినరోజున వాళ్ల పేరులో పువ్వు పెడతారట. మేం వెళ్లింది మే 6. పేరు రోనాల్డ్ బుక్కా.

మా ఆవిడ నవ్వింది. మన దగ్గర బుక్కా అంటే గులాలుతో పాటు చల్లుకునే గుండ కదా. నేనూ నవ్వాను. ఎవరీయన, చూడరా అంటే మా వాడు ఫోన్‌లో కొట్టాడు. ముందు వచ్చింది ఏంటో తెలుసా? జైలు. ఇరాక్‌లో ఒక జైలు ఫొటోలు. ముళ్ల కంచెలు, టెంట్లు, పసుపు బట్టల్లో ఖైదీలు. మనిషి ఎక్కడో కింద ఉన్నాడు. ఆ జైలు సంగతి తర్వాత చెబుతాను, ముందు మనిషి సంగతి.

బుక్కా 1954లో పుట్టాడు. చిన్న వయసులోనే సైన్యంలో చేరి 101వ ఎయిర్‌బోర్న్ అనే సైనిక దళంలో చేశాడు. బయటికొచ్చి న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరాక కూడా యూనిఫాం వదల్లేదు, ఆర్మీ రిజర్వ్‌లో కొనసాగాడు. మన టెరిటోరియల్ ఆర్మీ లాంటిదనుకోండి. మామూలు రోజుల్లో ఉద్యోగం, పిలిస్తే సైన్యం. అందులోనూ గ్రీన్ బెరెట్ అనే స్పెషల్ ఫోర్సెస్‌లో చేశాడు, తర్వాత సైనిక నిఘా వైపు వెళ్లాడు. మన దగ్గరా మిలటరీ నుంచి వచ్చి డ్రైవర్ ఆపరేటర్లుగా చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లతో డ్యూటీ చేసినవాళ్లకి తెలుసు, బూట్లు ఎక్కడ విప్పారో చీకట్లో కూడా చేత్తో తడిమి చెప్పగలరు.

ఫైర్‌లో ఆయన రెస్క్యూ 1 అనే బృందంలో ఉండేవాడు. చిక్కుకుపోయిన ఫైర్‌మన్‌లని కూడా బయటికి లాగాల్సిన బృందం అది. 1986లో ఒక అగ్నిప్రమాదంలో తోటి ఆఫీసరు పైన ఇరుక్కుపోతే, ఆయన కోసం ఇనప మెట్ల మీదుగా వెళ్తూ ఐదంతస్తుల ఎత్తు నుంచి జారిపోయాడు. కింద పెరట్లో అడ్డంగా ఒక తీగ కట్టి ఉంది. దానికి తగిలి, గిరగిరా తిరిగి, నేల మీద పడ్డాడు. ఆ తీగే లేకపోతే ఆ రోజే అయిపోయేది. వెన్ను విరిగింది. మన భాషలో చెప్పాలంటే మెడికల్ గ్రౌండ్స్ మీద పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చు, ఎవరూ మాట అనరు. ఏడాది తిరక్కుండా అదే బృందంలోకి తిరిగొచ్చాడు. అప్పటినుంచి ‘ఎగిరే ఫైర్‌మన్’ అని పిలిచేవారు.

నేను ఒకసారి మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఫైర్‌కి వెళ్లి, గొంతు పట్టేసి, పది రోజులు మంచం మీద ఉన్నాను. పదకొండో రోజు స్టేషన్‌కి వెళ్లాలంటే కాళ్లు ముందుకు పడలేదు. సెలవు పొడిగించుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెబుతున్నా. అందుకని వెన్ను విరిగినవాడు తిరిగొచ్చాడంటే దాని బరువు నాకు తెలుసు.

1990ల్లో ఫైర్ మార్షల్ అయ్యాడు. ఈ ముక్క కొంచెం జాగ్రత్తగా వినండి. న్యూయార్క్‌లో ఫైర్ మార్షల్ అంటే మంట ఆర్పేవాడు కాదు. ఆరిన తర్వాత వచ్చి, ఎలా అంటుకుంది, ఎవరైనా అంటించారా అని తేల్చేవాడు. నడుముకి తుపాకీ ఉంటుంది, అరెస్టు చేసే అధికారం ఉంటుంది. అంటే 2001 సెప్టెంబర్ 11 ఉదయం ఆయన డ్యూటీ పైన లేదు. అంతా అయ్యాక, కింద ఉంది.

9 గంటల 3 నిమిషాలకి దక్షిణ భవనాన్ని రెండో విమానం కొట్టింది. 77 నుంచి 85వ అంతస్తు మధ్యలో. బుక్కా, ఇంకో మార్షల్ కలిసి మెట్లెక్కడం మొదలుపెట్టారు. 51వ అంతస్తు దగ్గర కాలిన గాయాలతో దిగుతున్న ఒక ఆవిడ ఎదురైంది. తోటి మార్షల్ ఆవిడని పట్టుకుని కిందికి దిగాడు, ఇద్దరూ బతికారు. బుక్కా పైకే వెళ్లాడు. ఇద్దరిలో ఎవరిది సరైన పని అంటే నేను చెప్పలేను. ఇద్దరిదీ డ్యూటీయే.

మన డ్రిల్ టవర్ గుర్తు చేసుకోండి. 63 ఎంఎం హోస్, అంటే నీళ్ల గొట్టం, చుట్ట భుజాన వేసుకుని నాలుగంతస్తులు ఎక్కేసరికి తొడలు బిగుసుకుపోతాయి. ఐదోది ఎక్కేవాడు మాట్లాడలేడు. ఇప్పుడు లెక్క వేయండి. తొమ్మిదీ మూడుకి దెబ్బ తగిలింది, తొమ్మిదీ యాభై దాటేసరికి ఈయన డెబ్బైల్లో ఉన్నాడు. అంతస్తుకి నిమిషం కూడా పట్టలేదు. వయసు 47. ఒకప్పుడు విరిగిన వెన్ను.

ఆయన అక్కడిదాకా వెళ్లాడని ఎలా తెలిసిందంటే, రేడియో టేపు వల్ల. ఒరియో పామర్ అని ఒక బెటాలియన్ చీఫ్, అంటే కొన్ని ఫైర్ స్టేషన్ల మీద అధికారి, మారథాన్‌లు పరిగెత్తే మనిషి, పనిచేస్తున్న లిఫ్టు పట్టుకుని నలభయ్యో అంతస్తు చుట్టుపక్కల దాకా వెళ్లి, అక్కడినుంచి మెట్లెక్కాడు. ఎక్కుతూ ఏ అంతస్తులో ఉన్నాడో, గోడ ఎక్కడ పగిలిందో, పొగ ఉందో లేదో వెనకాల వచ్చేవాళ్లకి వాకీటాకీలో చెబుతూనే ఉన్నాడు. టేపు అంతా వినిపించను కానీ, కొత్త పిల్లలు వింటే మంచిది. అరుపుల్లేవు. పక్క గదిలోంచి సరుకుల లిస్టు చదువుతున్నట్టు ఉంటుంది. అందులో ఒక చోట అంటాడు, 75లో ఒక మార్షల్ కనిపించాడు అని.

అంతే. పేరు లేదు. ఒక మార్షల్. ఆ మార్షలే బుక్కా.

తర్వాత 78. అక్కడ జనం లిఫ్టు మారడం కోసం ఆగే పెద్ద హాలు ఉంది. విమానం రెక్క నేరుగా అందులోకి వచ్చింది. చాలామంది చనిపోయారని పామర్ చెప్పాడు. రెండు చోట్ల విడివిడిగా మంట ఉంది, రెండు హోస్ లైన్లు వస్తే ఆర్పేయొచ్చు అన్నాడు. నేను ఆగిపోయింది అక్కడే. వంద అంతస్తులు దాటిన భవనం, విమానం దూరింది, చుట్టూ శవాలు. ఆయన ఎన్ని లైన్లు కావాలో లెక్క చెబుతున్నాడు. మనం టింబర్ డిపో ఫైర్ దగ్గర నిలబడి ‘సార్, రెండు లైన్లు చాలు’ అన్నట్టే.

9 గంటల 59 నిమిషాలకి భవనం కూలింది. దెబ్బ తగిలిన 56 నిమిషాలకి.

ఇక జైలు సంగతి. 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్లినప్పుడు, దక్షిణాన ఉమ్ ఖసర్ రేవు దగ్గర ఖైదీల శిబిరం ఒకటి అమెరికన్ మిలటరీ పోలీసు బ్రిగేడ్ చేతికి వచ్చింది. అది న్యూయార్క్ రిజర్వ్ బ్రిగేడ్. అందులో చాలామంది మామూలు రోజుల్లో పోలీసులో ఫైర్‌మన్‌లో. రెండేళ్ల కిందటే స్నేహితులని పాతిపెట్టి వచ్చినవాళ్లు. వాళ్లలాగే ఫైరూ సైన్యమూ రెండూ చేసిన తమ మనిషి పేరు శిబిరానికి పెట్టుకున్నారు, క్యాంప్ బుక్కా అని. ప్రేమతోనే పెట్టారు, అందులో నాకు అనుమానం లేదు.

కానీ ఆ క్యాంపు పెరిగి పెరిగి వేలమందిని ఉంచే జైలైంది. చాలామందిని విచారణ లేకుండానే ఉంచారు. 2004లో అందులో ఉండి బయటికొచ్చిన ఒకడు అబూ బకర్ అల్ బాగ్దాదీ. పదేళ్లకి ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థ నాయకుడిగా మోసుల్ మసీదులో నిలబడి ఖలీఫానన్నాడు. దాంతో పేపర్లలో, టీవీల్లో ఎక్కడ చూసినా క్యాంప్ బుక్కా. 2009లోనే జైలు మూసేశారు, పేరు మాత్రం దానికే అంటుకుని ఉండిపోయింది.

నన్నడిగితే తప్పే చేశారు. మన ఊళ్లలో అమరుల పేర్లు బడికి పెడతారు, వీధికి పెడతారు, బస్ షెల్టర్‌కి పెడతారు. చిన్నవే, కానీ రోజూ పిల్లలు కింద నిలబడతారు. తలుపులు తీసి మనుషులని బయటికి తెచ్చినవాడి పేరు తాళాలేసే చోటికి పెట్టకుండా ఉండాల్సింది. ఆయన బతికుంటే ఏమనేవాడో నేనెలా చెబుతాను? సైనికుడు కూడా కాబట్టి ఒప్పుకునేవాడేమో. నాకైతే కడుపులో తిప్పింది.

మా అబ్బాయి ఆ గులాబీని ఫొటో తీశాడు. ఇక్కడికి రాగానే ప్రింటు తీయించి, స్టేషన్లో డ్యూటీ చార్టు పక్కన అంటించాను. రిటైరైనవాడివి నీకెందుకయ్యా అని ఎవరూ అనలేదు, థాంక్స్. కింద పేరు తెలుగులో రాశాను. పోయిన వారం కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని చూసి, ‘ఎవరు సార్ ఈయన, మన శాఖేనా?’ అని అడిగాడు. ‘75లో కనిపించిన మార్షల్’ అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఈలోపు ఫైర్ కాల్ వచ్చింది, ఫైర్ టెండర్ ఎక్కి వెళ్లిపోయాడు. వాడు వెనక వరసలోనే ఉన్నాడు, ఎడమ వైపు నుంచి మూడోవాడు. మేలుకునే ఉన్నాడు.