ఫ్లింక్ జాబ్ నెమ్మదించిందా? మెషిన్లు పెంచే ముందు సీరియలైజర్ చూడండి

తెర మీద: ఫ్లింక్ డాష్‌బోర్డు. కీబై తర్వాతి ఆపరేటర్ ఎర్రగా ఉంది. పక్కన కాఫ్కా ల్యాగ్ గ్రాఫ్ పైకి పోతోంది.

ఆగకుండా వచ్చే డేటాని ప్రాసెస్ చేసే ఫ్లింక్ జాబ్ వెనకబడింది. కాఫ్కా క్యూలో ఇంకా చదవని ఈవెంట్లు పేరుకుపోతున్నాయి, అంటే ల్యాగ్ పెరుగుతోంది. టీమ్‌లో అందరికీ టెన్షన్. ఇలాంటప్పుడు ఎవరో ఒకరు "పారలలిజం పెంచేద్దాం, ఒకేసారి ఎక్కువ కాపీలు నడుపుదాం" అంటారు. కాస్త ఆగండి. సీపీయూ అసలు ఏ పని చేస్తోందో ముందు చూద్దాం.

ఏ కోడ్ ఎంత సీపీయూ టైమ్ తింటోందో పట్టీల వెడల్పుతో చూపే ఫ్లేమ్ గ్రాఫ్, ఫ్లింక్ 1.13 నుంచి డాష్‌బోర్డులోనే దొరుకుతుంది. కాన్ఫిగ్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసుకోవాలి, అంతే.

తెర మీద: ఫ్లేమ్ గ్రాఫ్. క్రయో పేరున్న వెడల్పాటి పట్టీ దగ్గరికి జూమ్.

ఈ పట్టీ ఎంత వెడల్పుందో చూశారా? మీరు రాసిన లాజిక్ పక్కన సన్నగా ఉంది. సీపీయూ టైమంతా ఆబ్జెక్టులను బైట్లుగా, బైట్లను మళ్లీ ఆబ్జెక్టులుగా మార్చడానికే పోతోంది. ఈ పని చేసేదే సీరియలైజర్, క్రయో అలాంటి ఒక లైబ్రరీ. ఒకే కీ ఉన్న రికార్డులను ఒకే చోటికి చేర్చే కీబై దగ్గర డేటా నెట్‌వర్క్ దాటాలంటే ఈ పని తప్పదు. జాబ్ గుర్తుపెట్టుకునే డేటా, అంటే స్టేట్, రాక్స్‌డీబీ అనే స్టోర్‌లో ఉంటే చదివిన ప్రతిసారీ, రాసిన ప్రతిసారీ ఇదే పని.

ఫ్లింక్ మీ క్లాస్‌ని ముందు పరిశీలిస్తుంది. పోజో (సాదా జావా క్లాస్) నియమాలకు సరిపోతే తన సొంత సీరియలైజర్ వాడుతుంది, లేదంటే క్రయోకి అప్పగిస్తుంది. జాబ్ ఆగదు, ఎర్రర్ రాదు. లాగ్‌లో ఇన్ఫో స్థాయిలో ఒక్క లైను పడుతుంది. దాన్ని చదివేదెవరు? నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ నిశ్శబ్దమే.

తెర మీద: ఆర్డర్ అనే జావా క్లాస్. ఐడీ, మొత్తం, సమయం, ఐటమ్స్ లిస్టు.

ఈ క్లాస్‌లో తప్పేమీ కనిపించదు. పబ్లిక్ క్లాసే, ఫీల్డులన్నింటికీ గెటర్లు, సెటర్లు ఉన్నాయి. కానీ కన్‌స్ట్రక్టర్ చూడండి, నాలుగు ఆర్గ్యుమెంట్లు తీసుకునేది ఒక్కటే ఉంది. ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ లేదు కాబట్టి క్లాస్ మొత్తం క్రయో చేతికి పోయింది. రిజిస్టర్ చేయని క్లాస్ అయితే క్రయో ప్రతి రికార్డుతో పాటు ప్యాకేజీతో సహా క్లాస్ పూర్తి పేరు కూడా రాస్తుంది. ఫ్లింక్ పోజో సీరియలైజర్‌కి ఫీల్డుల వరస ముందే తెలుసు. విలువలు, అవి నల్ (null) అవునా కాదా అన్న చిన్న గుర్తులు రాస్తే దాని పని అయిపోతుంది.

ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఒకటి పెట్టండి. క్లాస్ పోజో అవుతుంది, కానీ పని ఇంకా పూర్తి కాలేదు. ఫ్లింక్ 1 వెర్షన్లలో ఐటమ్స్ లిస్టు ఫీల్డు ఒక్కటీ ఇప్పటికీ క్రయోకే వెళ్తుంది. ఆ ఫీల్డు మీద టైప్‌ఇన్ఫో యానోటేషన్ పెట్టి, లిస్టులో ఏ టైపు ఉందో ఒక ఫ్యాక్టరీ క్లాస్‌తో చెప్పాలి. 2025లో వచ్చిన ఫ్లింక్ 2.0లో లిస్ట్, మ్యాప్, సెట్‌లకు సొంత సీరియలైజర్లు డిఫాల్ట్‌గానే ఉన్నాయి.

ఏవ్రో అనే డేటా ఫార్మాట్ వాడేవాళ్లు జెనెరిక్ రికార్డ్ విషయంలో జాగ్రత్త. టైప్ సమాచారం విడిగా ఇవ్వకపోతే అదీ క్రయోకే పోతుంది. స్కీమా నుంచి జెనరేట్ చేసిన స్పెసిఫిక్ రికార్డ్ వాడితే ఈ తలనొప్పి ఉండదు.

తెర మీద: కాన్ఫిగ్ ఫైల్. జెనెరిక్ టైప్స్ ఆప్షన్ ఫాల్స్ అవుతుంది. కింద ఎక్సెప్షన్ కనిపిస్తుంది.

ఇన్ని క్లాసులను కళ్లతో వెతకనక్కర్లేదు. క్రయోకి వెళ్లే టైపులనే ఫ్లింక్ జెనెరిక్ టైప్స్ అంటుంది, వాటిని ఆఫ్ చేయండి. క్రయో అవసరం పడిన చోట జాబ్ ఎక్సెప్షన్ ఇచ్చి ఆగిపోతుంది. డెవలప్‌మెంట్‌లో, టెస్టుల్లో దీన్ని ఆఫ్‌లోనే ఉంచమని గట్టిగా చెబుతాను.

ఇక స్టేట్. ఒక్కో కస్టమర్‌కి ఒక మ్యాప్ దాచాలని వాల్యూ స్టేట్‌లో హాష్‌మ్యాప్ పెట్టేస్తుంటారు. రాక్స్‌డీబీలో అది ఒకే పెద్ద విలువ. అందులో వెయ్యి ఎంట్రీలుంటే, ఒక్క ఎంట్రీ మార్చడానికి వెయ్యినీ చదివి, వెయ్యినీ తిరిగి రాయాలి. ప్రతి ఈవెంట్‌కీ ఇంతే. మ్యాప్ స్టేట్ వాడితే ఒక్కో ఎంట్రీ విడిగా ఉంటుంది, మారినదాన్నే ముట్టుకుంటుంది. మారేది కొద్ది లైన్ల కోడే, తేడా మాత్రం చాలా పెద్దది.

ఆబ్జెక్ట్ రీయూజ్ అనే ఆప్షన్ కూడా ఉంది. చెయిన్ అయిన, అంటే ఒకే థ్రెడ్‌లో కలిసి నడిచే ఆపరేటర్ల మధ్య కాపీలను తప్పిస్తుంది. కింది ఆపరేటర్‌కి పంపేసిన ఆబ్జెక్టుని మీ కోడ్ తర్వాత ఎక్కడా మార్చదని తేల్చుకున్నాకే ఆన్ చేయండి. లేకపోతే డేటా చడీచప్పుడు లేకుండా పాడవుతుంది.

తెర మీద: సేవ్‌పాయింట్ నుంచి మొదలైన జాబ్ ఫెయిల్ అవుతుంది.

ప్రొడక్షన్‌లో నడుస్తున్న జాబ్ అయితే ఇది తప్పక గుర్తుంచుకోండి. క్రయో రాసిన స్టేట్‌ని పోజో సీరియలైజర్ చదవలేదు, పాత సేవ్‌పాయింట్‌తో, అంటే దాచిపెట్టిన స్టేట్ కాపీతో, జాబ్ లేవదు. స్టేట్ ప్రాసెసర్ ఏపీఐతో పాతది చదివి కొత్త ఫార్మాట్‌లో రాసుకోవచ్చు. స్టేట్ కట్టడానికి కావాల్సిన ఈవెంట్లన్నీ కాఫ్కాలో ఇంకా ఉంటే మాత్రం ఖాళీ స్టేట్‌తో మొదలుపెట్టి, పాత ఆఫ్‌సెట్ (కాఫ్కాలో చదివే స్థానం) నుంచి మళ్లీ చదివించడమే తేలిక.