మంత్రాల బడికి ముందుగా కావలసినది టైంటేబుల్

పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. మంత్రవిద్య నేర్పే ఒక బడిని ఊహించుకొని, అందులో విద్యార్థులుగా పాత్రలు ధరించి, నెలల తరబడి కొనసాగించే ఆటను ఎలా నడపాలన్నది ఈ సాయంత్రం నేను మాట్లాడదలచిన విషయం. మన పర్లాకిమిడిలో తెలుగు ఇళ్ల పిల్లలు, ఒడియా ఇళ్ల పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఇలాంటి ఆటలు ఆడటం మొదలుపెట్టారు కనుక, వాటిని నడిపించే బాధ్యత తలకెత్తుకున్న వారికి పనికివచ్చే మాటలు చెప్పడమే నా ఉద్దేశం.

కొత్తవారి కోసం రెండు మాటలు. ఈ ఆటలో నలుగురైదుగురు ఆటగాళ్లు తలా ఒక పాత్రను తీసుకుంటారు. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి ఆ పాత్రల చుట్టూ ఉన్న లోకాన్నంతా, అందులోని మిగతా మనుషులందరినీ తానే మాట్లాడి నడిపిస్తారు. ఒక పని నెరవేరుతుందో లేదో తెలియని చోట పాచికలు వేసి తేల్చుకుంటారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో వెలువరించిన ‘డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ తరహా ఆటలు అచ్చులోకి వచ్చాయి. ఒకే పాత్రలతో చాలా సెషన్ల పాటు సాగే కథను క్యాంపెయిన్ అంటారు.

మంత్రాల బడి క్యాంపెయిన్ మొదలుపెట్టే గేమ్ మాస్టర్లు ఎక్కువగా మ్యాపుతో మొదలుపెడతారు. బురుజులు, నేలమాళిగలు, తాళం వేసిన గది, ఆ గదిలోని రహస్యం అన్నీ సిద్ధమవుతాయి. మూడో సెషన్ వచ్చేసరికి పాత్రలు క్లాసుకు వెళ్లడం మానేస్తాయి. రాత్రంతా నేలమాళిగలో తిరిగి, పగలు పడుకోవడానికి మాత్రమే బడికి వస్తాయి. అప్పుడు ఆ బడికీ, దారిలో దొరికే ఏ సత్రానికీ తేడా ఉండదు. బడి కథలో అసలైన బిగువు రాక్షసుల వల్ల పుట్టదు. నేర్చుకోవలసినవి చాలా ఉండి, సాయంత్రాలు కొన్నే ఉండటం వల్ల పుడుతుంది. అందుకే మ్యాపు గీయడానికి ముందు విద్యా సంవత్సరం క్యాలెండరు, వారపు టైంటేబులు రాసుకోవాలని, కథంతా వాటి మీదే నిలబడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ కిటుకును చాలా ముందే పట్టుకున్న ఆట ‘ఆర్స్ మాజికా’. జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్ హేగెన్ దానిని 1987లో తెచ్చారు. మధ్యయుగపు ఐరోపాలోని మాంత్రికులు అందులో పాత్రలు; ఏడాదిని నాలుగు రుతువులుగా విభజిస్తారు. ఒక రుతువును గ్రంథం చదవడానికి వెచ్చించిన మాంత్రికుడు అదే రుతువులో కొత్త మంత్రాన్ని కనిపెట్టలేడు, శిష్యునికి పాఠం చెప్పలేడు. ఈ ఒక్క నియమంతో ఒక మంచి పుస్తకం దొరకడం కూడా ఆ ఆటలో పెద్ద సంఘటన అయిపోతుంది. 2021లో డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌కు వచ్చిన ‘స్ట్రిక్స్‌హేవెన్’ పుస్తకం కూడా నాలుగేళ్ల చదువును నాలుగు భాగాలుగా నడిపిస్తుంది. మన బల్లలకు నాలుగేళ్లు ఎక్కువని, ఒక్క విద్యా సంవత్సరాన్ని నిండుగా ఆడితే చాలునని నా అభిప్రాయం. దానికి కారణం చివరలో చెబుతాను.

ఆ ఏడాదిని మన బడుల లెక్కలోనే వేసుకోవచ్చు. జూన్ వానలతో బడి తెరవడం ఒక ఘట్టం, రథయాత్ర నుంచి దసరా సెలవుల దాకా మరొకటి, అక్కడి నుంచి సంక్రాంతి దాకా ఇంకొకటి, ఆ తర్వాత వార్షిక పరీక్షలు. ఒక్కో ఘట్టానికి మూడు సెషన్లు చొప్పున కేటాయిస్తే పన్నెండు సెషన్ల క్యాంపెయిన్ అవుతుంది. ప్రతి సెషన్ మొదట్లో ఆటగాళ్లందరికీ ఆ వారపు కాగితం ఒకటి ఇచ్చి, అందులో మూడు సాయంత్రాలకు మూడు గళ్లు మాత్రమే గీసి పెట్టాలి. కుసుమ అనే రెండో ఏడు విద్యార్థినిని ఊహించుకోండి. గురువారం నాటికి నీటి మీద దీపం నిలిపే మంత్రం ఆమెకు రావాలి, దానికి రెండు సాయంత్రాల సాధన కావాలి. చెరువుగట్టున కనిపించిన వింత అడుగుజాడలను చూసి వద్దాం రమ్మని స్నేహితుడు పిలిచాడు. చెప్పకుండా బయటికి వెళ్లినందుకు వార్డెన్ ఆమెను ఒక సాయంత్రం వంటశాల పనికి వేశారు. గళ్లు మూడు, పనులు నాలుగు సాయంత్రాలవి. కుసుమ పాత్రధారి పెన్సిల్ పట్టుకొని ఒక గడిలో ‘సాధన’ అని రాసి, చెరిపి, ‘చెరువు’ అని రాసి, స్నేహితుడి పాత్ర ధరించిన పిల్లవాడి వైపు చూస్తుంది. గేమ్ మాస్టర్ ఇంకా కథ మొదలుపెట్టనే లేదు, అయినా కథ అప్పటికే నడుస్తోంది. ఆ క్షణంలో గేమ్ మాస్టర్ చేయవలసినది మాట్లాడకుండా ఉండటమే. సలహా ఇస్తే ఆ ఎంపిక పిల్లది కాకుండా పోతుంది.

ఇలా ఖర్చు పెట్టిన సాయంత్రానికి పాచికల దగ్గర విలువ కనిపించాలి. దీనికి నాకు నచ్చిన పద్ధతి 2010లో విన్సెంట్ బేకర్ ‘అపోకలిప్స్ వరల్డ్’ ఆటతో తెచ్చినది. మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కలుపుతారు. పది, అంతకంటే ఎక్కువ వస్తే పని పూర్తిగా నెరవేరినట్టు. ఏడు నుంచి తొమ్మిది వస్తే నెరవేరుతుంది గానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి. ఆరు, అంతకంటే తక్కువ వస్తే కథను గేమ్ మాస్టర్ చేతిలోకి తీసుకుంటారు. రెండు పాచికలు పడే తీరులు మొత్తం 36. సాధన లేకుండా పరీక్షకు వెళ్లిన పాత్రకు వాటిలో పూర్తి విజయం 6, మూల్యంతో విజయం 15, వైఫల్యం 15. ఒక సాయంత్రం సాధనకు ఒకటి కలిపితే ఈ లెక్క 10, 16, 10 అవుతుంది. రెండు సాయంత్రాలకు రెండు కలిపితే 15, 15, 6. అంటే రెండు సాయంత్రాల సాధనతో విజయమూ వైఫల్యమూ పూర్తిగా తారుమారవుతాయి. ఈ అంకెలను ఆటగాళ్ల దగ్గర దాచవద్దు. పదో తరగతి పిల్లలు ఈ పట్టికను తామే వేసుకోగలరు. వేసుకున్న తర్వాత ప్రతి గడినీ ఎంత జాగ్రత్తగా నింపుతారో మీరే చూస్తారు.

వైఫల్యం గురించి కాస్త నిలిచి మాట్లాడాలి. ‘మంత్రం రాలేదు, ఫెయిల్’ అని చెప్పి ఊరుకుంటే కథ అక్కడే ఆగిపోతుంది, పిల్లవాడి ముఖం వాడిపోతుంది. కుసుమ దీపం నీటి మీద నిలవకపోతే, ఆ పళ్లెంలో ఆరిన దీపానికి బదులు హాస్టల్‌లోని లాంతర్లన్నీ ఒక్కసారిగా వెలగవచ్చు. చీకట్లో చెరువు దారి పట్టిన స్నేహితుడు ఆ వెలుగులో వార్డెన్ కంట పడవచ్చు. 2020లో వచ్చిన ‘కిడ్స్ ఆన్ బ్రూమ్స్’ ఆటలో, ఓడిన ప్రతిసారీ ఆటగాడికి ఒక బిళ్ల దక్కుతుంది. తర్వాతి కష్టంలో దానిని ఖర్చు పెట్టి పాచికల ఫలితాన్ని పెంచుకోవచ్చు. చిన్న పిల్లల బల్లకు ఈ ఏర్పాటును నేను తప్పక సూచిస్తాను. గవ్వలో చింతపిక్కలో బిళ్లలుగా సరిపోతాయి.

చదువుకు మూల్యం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మనకు ఆదిపర్వంలోని కచుని కథ ఉంది. దేవతల పక్షాన మృతసంజీవని నేర్చుకు రావడానికి కచుడు శత్రుపక్షపు గురువైన శుక్రాచార్యుని దగ్గర శిష్యుడుగా చేరాడు. రాక్షసులు అతన్ని పదేపదే చంపారు. చివరిసారి కాల్చిన బూడిదను గురువు తాగే మద్యంలోనే కలిపారు. గురువు కడుపులో ఉండగానే విద్య నేర్చుకొని, బయటికి వచ్చి, అదే విద్యతో గురువును బతికించాడు. తర్వాత దేవయాని ప్రేమను అతడు కాదన్నప్పుడు, నేర్చిన విద్య నీకు ఫలించకుండా పోవాలని ఆమె శపించింది. నాకు ఫలించకపోయినా నేను నేర్పిన వారికి ఫలిస్తుందని అతడు బదులు చెప్పాడు. గేమ్ మాస్టర్ ఈ కథను పదిసార్లు చదవాలి. వార్షిక పరీక్షలో తప్పిన పాత్రకు ఇలాంటి ఫలితాన్నే ఇచ్చి చూడండి: మంత్రం వచ్చు, తన నోట పలకదు, తాను నేర్పిన వారి నోట పలుకుతుంది. ఆ పాత్రకు ఇప్పుడొక శిష్యుడు కావాలి. ఎవరిని నమ్మి నేర్పాలి, వాడు దానితో ఏమి చేస్తాడు అన్న ప్రశ్నలతో రెండు సెషన్లు వాటంతట అవే నడుస్తాయి.

మన జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరి కూడా ఒక బడే. కర్ణుడు పరశురాముని దగ్గర అస్త్రవిద్యకు చేరినది మహేంద్ర పర్వతం మీదనే అని భారతం చెబుతుంది. పుట్టుక దాచి చేరాడు. తొడను పురుగు తొలుస్తున్నా గురువు నిద్ర చెడకూడదని కదలకుండా కూర్చున్నాడు, ఆ ఓర్పే అతన్ని పట్టించింది, అత్యవసర సమయంలో అస్త్రం స్ఫురించకుండా పోవాలన్న శాపం తగిలింది. మీ మంత్రాల బడిలో ఎవరికి ప్రవేశం ఉంది, ఎవరికి లేదు అన్న సంగతిని తొలి సెషన్‌కు ముందే తేల్చి, ఆటగాళ్ల ముందు పెట్టండి. పుట్టుకను బట్టి తలుపు మూసే బడిని మీరు కల్పిస్తే, దానిని ఒక అలంకారంగా వాడి వదిలేయకూడదు. తలుపు బయట నిలబడిన పిల్లవాడికి కథలో పేరు, మాట, దారి ఉండాలి.

చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉన్నారు, వారి ఇళ్ల గోడల మీద ఇడితాల్ చిత్రాలు ఉన్నాయి. అవి వారి పూజకు, పితృదేవతలకు సంబంధించినవి. 1936లో మంగై గమాంగో సవర భాషకు రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి కూడా వారికి పవిత్రమైనదే. వీటిని తీసుకొచ్చి మంత్రపు చీటీలుగా, గోడ మీది శాపాలుగా ఆటలో వాడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. సవర పిల్లలు మీ బల్ల దగ్గర కూర్చుంటే, తమ ఇంటి నుంచి ఏది తేవాలో, ఏది తేకూడదో వారే చెబుతారు. సవరల నుంచి ఏదైనా నేర్చుకోదలచిన గేమ్ మాస్టర్‌కు గిడుగు రామమూర్తి గారి జీవితం ఉంది. మన ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, ఆ భాషలో పిల్లలకు పాఠాలు తయారు చేసి, వ్యాకరణాన్నీ నిఘంటువునూ రాసిన మనిషి ఆయన. విద్యార్థుల దగ్గరే కూర్చుని నేర్చుకునే మాస్టారు ఒకరు మీ మంత్రాల బడిలో ఉంటే, మిగతా ఉపాధ్యాయులంతా ఆయన పక్కన ఎలా కనబడతారో ఆలోచించండి. ఉపాధ్యాయ పాత్రల గురించి ఇంతకంటే పెద్ద సూత్రం నా దగ్గర లేదు: ప్రతి ఒక్కరికీ ఈ ఏడాది పూర్తి చేయవలసిన సొంత పని ఒకటి ఉండాలి, అది క్యాలెండరులో తేదీతో సహా రాసి ఉండాలి.

బల్ల దగ్గరి భాష విషయంలో పట్టుదల వద్దు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడతారు. ఆటలోనూ అలాగే మాట్లాడనివ్వండి. నియమాలు మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలో కాగితం మీద ఉంటే వాదులాటలు తగ్గుతాయి.

ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. బడి కథలో బెత్తం దెబ్బలు, ర్యాగింగు, అందరి ముందు అవమానం చాలా సులువుగా వచ్చేస్తాయి. వాటిని నిజంగా అనుభవించిన పిల్లవాడు మీ ఎదురుగానే కూర్చుని ఉండవచ్చు. ఆట మొదలుకాకముందే ఒక సమావేశం పెట్టుకొని, కథలో ఏవి రావచ్చో, ఏవి అసలు రాకూడదో అందరూ కలిసి నిర్ణయించుకోవాలి. దీనిని సెషన్ జీరో అంటారు. జాన్ స్టావ్రోపోలస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డును కూడా బల్ల మధ్యలో ఉంచండి. ఎవరైనా దానిని ముట్టుకుంటే, కారణం అడగకుండా ఆ సన్నివేశాన్ని వదిలి ముందుకు వెళ్లాలి. ఈ అడగకపోవడం పెద్దవారికి కష్టంగా ఉంటుంది, అయినా అడగకూడదు.

నాలుగేళ్ల కథ వద్దని ఎందుకు అన్నానో చెప్పి ముగిస్తాను. మన ఊళ్లలో పిల్లలు ప్లస్ టూ కాగానే బరంపురానికో, భువనేశ్వర్‌కో, విశాఖపట్నానికో వెళ్లిపోతారు. ఫిబ్రవరి వచ్చిందంటే మెట్రిక్ పరీక్షల వల్ల బల్ల సగం ఖాళీ అవుతుంది. కాబట్టి క్యాంపెయిన్ జూన్‌లో మొదలై జనవరిలోగా ముగియాలి, కథలోని వార్షిక పరీక్ష అసలు పరీక్షల కంటే ముందే జరిగిపోవాలి. మధ్యలో వెళ్లేవారి పాత్రకు హెడ్‌మాస్టరు సంతకంతో టీసీ రాసి ఇవ్వండి. దానిలో ఆ పాత్ర నేర్చిన మంత్రాలు, బాకీ ఉన్న శిక్షలు, హాస్టల్‌లో ఎవరికి ఏ వస్తువు అప్పగించి వెళుతోందో అన్నీ ఉండాలి. దసరా తర్వాత కొత్తగా చేరేవారు ఆ వస్తువుతో, ఆ మంచంతో, ఆ శిక్షతో ఆట మొదలుపెడతారు. ఈ జూన్‌లో మొదలుపెట్టదలచిన వారు ఉంటే, టీసీ నమూనా, మూడు గళ్ల వారపు కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ రాసి తెచ్చాను, సభ ముగిశాక తీసుకోవచ్చు.