రోజూ వచ్చే విమానం

శ్రోతలకు నమస్కారం.

కడప నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైచిలుకు దూరం. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి దిగుతాం. ఆ దూరాన్ని దాదాపు గంటలో దాటించే చిన్న విమానం ఒకటి 2017 ఏప్రిల్ 27న, చిన్న నగరాలకు విమానాలు నడిపేందుకు కేంద్రం పెట్టిన ‘ఉడాన్’ పథకం కింద బయలుదేరింది. ఆ రోజు ప్రధానమంత్రి సిమ్లాలో ఢిల్లీ విమానానికి జెండా ఊపి, దానితో పాటే కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు సర్వీసులను కూడా ప్రారంభించారు. కడప సర్వీసును నడిపిన ట్రూజెట్ సంస్థ హైదరాబాదులోనే పుట్టింది. 2015 జూలైలో ఎగరడం మొదలుపెట్టి, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి చివరికల్లా రెక్కలు ముడుచుకుంది. ఇంకా వెనక్కి వెళితే, చిన్న ఊళ్ల కోసమే 1981లో ప్రభుత్వం నెలకొల్పిన వాయుదూత్ కూడా పదిహేనేళ్లు గట్టిగా నిలవలేక ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇంత జరిగినా, కొత్త ప్రాంతీయ విమాన సంస్థల మాట మళ్లీ వినిపిస్తూనే ఉంది. గోవా కేంద్రంగా ఫ్లై91 అనే సంస్థ 2024 మార్చిలో ఏటీఆర్ అనే రకం చిన్న విమానాలతో రంగంలోకి దిగింది. దేశంలో విమానమెక్కే ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది రెండే రెండు సంస్థల విమానాల్లో ప్రయాణిస్తున్న ఈ కాలంలో, 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారి వేలాది సర్వీసులు రద్దయినప్పుడు, ఇంకొన్ని సంస్థలు ఉంటే బాగుండునని అనుకోని ప్రయాణికుడు లేడు. ఆ తరువాత కేంద్రం కొన్ని కొత్త సంస్థలకు నిరభ్యంతర పత్రాలు ఇచ్చిన వార్తలు మనం చదివాం. కాబట్టి చిన్న నగరాలను నమ్ముకుని ఒక కొత్త సంస్థ వస్తే నిలబడుతుందా, నిలబడాలంటే ఏం కావాలి అన్నది ఇవాళ మనం నిదానంగా ఆలోచించవలసిన విషయం.

మనం సాధారణంగా రెండు విషయాల గురించే మాట్లాడుకుంటాం. ఒకటి రన్‌వే, రెండోది టికెట్ ధర. రెండూ అవసరమే. కానీ చిన్న ఊరి ప్రయాణికుణ్ణి విమానానికి అలవాటు చేసేది ఈ రెండూ కావని నా నమ్మకం. చెప్పిన వేళకు, చెప్పిన రోజుల్లో, ఏడాది పొడవునా విమానం వస్తుందా రాదా అన్నదే అసలు విషయం.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మను హైదరాబాదులో డాక్టరుకు చూపించడానికి సీమలోని ఒక చిన్న విమానాశ్రయం నుంచి రెండు టికెట్లు తీసుకున్నాను. ఆమెకు అది తొలి విమాన ప్రయాణం. పెట్టె సర్దుకుని, పొద్దున్నే లేవాలని ముందుగానే పడుకుంది. రాత్రి తొమ్మిది దాటాక నా ఫోనుకు సందేశం వచ్చింది, సర్వీసు రద్దయిందని. అప్పటికప్పుడు ఆమెను లేపి, బస్టాండుకు పరుగెత్తి, చివరి బస్సులో వెనక సీట్లు దొరికితే అందులో వెళ్లాం. కుదుపులకు నడుము పట్టుకుని కూర్చున్న పెద్దమ్మ దారిలో ఒకే మాట అడిగింది: ‘విమానం టికెట్ తీసుకున్నా బస్సు సీటు కూడా పెట్టుకోవాల్సిందేనా నాయనా?’ ఆ సంస్థ టికెట్ డబ్బు మొత్తం వాపసు ఇచ్చింది. కానీ మా ఇంట్లో ఆ తరువాత ఎవరూ ఆ విమానం ఊసెత్తలేదు.

అలాంటి రద్దులు ఎందుకు జరుగుతాయో తెలుసుకుంటే సంస్థల మీద కోపం కొంత తగ్గి, ఇబ్బంది ఎక్కడుందో కనిపిస్తుంది. ప్రాంతీయ సంస్థలు ఎక్కువగా నడిపేది ఏటీఆర్–72 విమానం. డెబ్బైకి అటూ ఇటూగా సీట్లు, రెండు వైపులా రెక్కల మీద పెద్ద పంకాలు. మెట్లు దాని వెనక తలుపుకే అమర్చి ఉంటాయి కాబట్టి ప్రయాణికులు టర్మినల్ నుంచి నడిచి వచ్చి తోకవైపు నుంచి ఎక్కుతారు, సామాను ముందువైపు గదిలోకి వెళుతుంది. తక్కువ రన్‌వేతో సరిపెట్టుకుంటుంది, తక్కువ ఇంధనం తాగుతుంది. అయితే ఆ విమానం చాలా వరకు సంస్థ సొంతం కాదు, లీజుకు తెచ్చుకున్నది. దాని అద్దె నెలనెలా డాలర్లలో కట్టాలి. అద్దె ఆటో నడిపేవారికి ఈ లెక్క బాగా తెలుసు: నాలుగు ట్రిప్పులు తిప్పినా, ఎనిమిది తిప్పినా యజమానికి కట్టవలసింది ఒకటే. అందుకే విమానం పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఊరి నుంచి ఊరికి తిరుగుతూనే ఉండాలి. ఇక్కడే చిక్కు వస్తుంది. చిన్న విమానాశ్రయాల్లో చాలాచోట్ల రాత్రిపూట దిగే సదుపాయం లేదు. శీతకాలంలో పొగమంచు వల్ల పొద్దున మొదటి సర్వీసు గంట ఆలస్యమైతే, ఆ గంట ప్రతి ఊరికీ బదిలీ అవుతూ పోయి, ఆఖరి ఊరు చేరేసరికి సూర్యాస్తమయం దాటిపోతుంది. ఆ ఊరి సర్వీసు రద్దు చేయక తప్పదు. పెద్ద సంస్థకైతే పక్కన ఇంకో విమానం ఉంటుంది. మూడు నాలుగు విమానాలతో మొదలైన సంస్థకు అది ఉండదు. ఒక విమానం మరమ్మతుకు వెళ్లిందంటే నాలుగైదు ఊళ్లు ఒక్కసారిగా టైంటేబుల్‌లోంచి మాయమవుతాయి.

ప్రభుత్వం వైపు నుంచి సాయం లేదని అనలేం. ఉడాన్ కింద విమానంలో సుమారు సగం సీట్లను పరిమిత ధరకు అమ్మాలి. మొదట్లో గంట ప్రయాణానికి 2,500 రూపాయలని పెట్టారు. అందువల్ల వచ్చే లోటును వయబిలిటీ గ్యాప్ ఫండ్ నుంచి మూడేళ్లపాటు పూడుస్తారు. మన రాష్ట్రాల వంటి చోట్ల అందులో 20 శాతం రాష్ట్ర ప్రభుత్వమే భరిస్తుంది. ఆ మూడేళ్లూ ఆ మార్గం ఆ సంస్థదే. ఉడాన్ విమానాశ్రయాల్లో నింపుకునే ఇంధనం మీద వ్యాట్ ఒక్క శాతమే. బయట మాత్రం విమాన ఇంధనం ఇంకా జీఎస్టీలోకి రాలేదు, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పన్ను.

ఇన్ని ఏర్పాట్లు చేసినా ఫలితం ఎలా ఉందో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చెబుతుంది. ఉడాన్ మూడో విడత వరకు సంస్థలకు కేటాయించిన 774 మార్గాల్లో 403 మార్గాల మీద అసలు విమానమే ఎగరలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిగా నడిచినవి 112. సాయం ఆగిపోయాక కూడా, 2023 మార్చి నాటికి, నడుస్తున్నవి 54. ఈ అంకెలు చూసి చిన్న ఊళ్లలో విమానమెక్కేవారే లేరని కొందరు తీర్పు చెప్పేస్తారు. నేను ఒప్పుకోను. ఎక్కేవారు ఉన్నారో లేరో తేలాలంటే ముందు విమానం ఒక పద్ధతిగా రావాలి. వారానికి మూడు రోజులు వచ్చి, అందులో ఒక రోజు రద్దయ్యే సర్వీసును నమ్ముకుని ఏ వ్యాపారి పని పెట్టుకుంటాడు, ఏ రోగి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటాడు?

దీనికి ఎదురు ఉదాహరణ మన రాజమహేంద్రవరమే. ఏళ్ల తరబడి అక్కడికి ఎక్కువగా చిన్న విమానాలే వచ్చేవి. కానీ వస్తూనే ఉండేవి. గోదావరి జిల్లాల జనానికి అక్కడి మధురపూడి విమానాశ్రయానికి వెళ్లి విమానమెక్కడం అలవాటైపోయింది. రన్‌వేను మూడు కిలోమీటర్లకు పైగా పొడిగించారు. 2024 డిసెంబరులో ముంబయికీ, ఢిల్లీకీ నేరుగా పెద్ద విమానాలు మొదలయ్యాయి. చిన్న విమానం ఓపికగా పెంచిన అలవాటు మీదే పెద్ద విమానం వచ్చి వాలింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో తెరుచుకుంది. అక్కడ ఇంకా ఆ అలవాటు పడవలసి ఉంది.

ఈ కారణంగానే, సాయం చేసే పద్ధతిలో ఒక మార్పు అవసరమని నాకు అనిపిస్తుంది. సీట్ల లెక్క మీద కాక, చెప్పిన సర్వీసుల్లో ఎన్ని వేళకు నడిపారన్న లెక్క మీద డబ్బు ఇవ్వాలి. మూడేళ్లు కాగానే ఒక్కసారిగా చేయి వదిలేయకుండా మరో రెండేళ్లలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పల్లెవెలుగు బస్సు ఒక్కో ఊరికి నష్టంతోనే వెళుతుందని ఆర్టీసీకి తెలుసు. అయినా పొద్దున ఆరింటికి ఆ బస్సు వస్తుందన్న భరోసాతోనే ఆ ఊరి పిల్లలు కాలేజీలో చేరతారు. కొత్త విమాన సంస్థ కూడా పదిహేను ఊళ్లతో ఆర్భాటంగా మొదలుపెట్టే బదులు నాలుగు ఊళ్లకు రోజుకు రెండుసార్లు తప్పకుండా నడపాలి. నాలుగు విమానాలుంటే మూడింటికే టైంటేబుల్ వేసి, ఒకదాన్ని అక్కరకు ఆపి ఉంచుకోవాలి. ఖరీదైన జాగ్రత్తే, కాదనను. అయితే తొలి ఏడాది కోల్పోయిన నమ్మకాన్ని ఆ తరువాత ఏ రాయితీ ధరతోనూ తిరిగి తెచ్చుకోలేం.

వరంగల్ మామునూరు గురించి కూడా ఇక్కడే ఒక మాట. నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయాన్ని పునరుద్ధరించడానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది. రన్‌వే పొడిగించడానికి 253 ఎకరాల భూమి సేకరించాలని నిర్ణయించారు. అక్కడి నుంచి హైదరాబాదుకు విమానం ఎవరూ అడగరు, రైళ్లు చాలు. బెంగళూరుకో ముంబయికో పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరేలా ఒక సర్వీసు కావాలి. అందుకు రాత్రి దిగే దీపాలు మొదటి రోజు నుంచే ఉండాలి.

చివరగా, అంతగా చర్చకు రాని ఒక సంగతి. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి వేలాదిమంది కువైట్‌లో పనిచేస్తున్నారు. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చే మనిషి చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో దిగి, తాళ్లతో బిగించిన పెట్టెలు టాక్సీ మీద వేసుకుని ఊరు చేరతాడు. అంతర్జాతీయ విమానం అతనికి 30 కిలోలో, అంతకు పైగానో సామాను అనుమతిస్తుంది. దేశీయ విమానంలో మామూలుగా 15 కిలోలే. మిగిలినదానికి కట్టే డబ్బు ఒక్కోసారి టికెట్ ధరను మించిపోతుంది. పైగా రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం అతనిదే. ప్రాంతీయ సంస్థ ఒక అంతర్జాతీయ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని, కువైట్ నుంచి కడప దాకా ఒకే టికెట్ మీద, అదే సామానుతో తీసుకురాగలిగితే, అతని వెంట అతని ఇల్లూ, వీధీ ఆ విమానానికి వస్తాయి. చిన్న విమానంలో బరువు పరిమితి నిజమే. నాలుగు సీట్లు ఖాళీగా వదిలితే ఆ మేరకు పెట్టెల బరువు తీసుకెళ్లవచ్చు. ఆ నాలుగు సీట్ల లెక్క వేసి చూసుకున్న సంస్థకు కడపలో ప్రయాణికులు దొరుకుతారు.

నమస్కారం.