ఆన్‌లైన్ క్లాసులో ఎవరికి ఎవరు తెలుసు?

అందరికీ నమస్కారం.

ఆన్‌లైన్ కోర్సులు నడిపే మన దగ్గర లెక్కలకు కొదవలేదు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ వీడియో ఎంతసేపు చూశారు, చర్చలో ఎన్ని పోస్టులు పెట్టారు, అన్నీ సిస్టమే చెప్పేస్తుంది. కానీ మార్కుల కోసం తప్పనిసరి పోస్టులు రాసేసి వెళ్లిపోయే విద్యార్థికి ఆ క్లాసులో ఒక్కరైనా దగ్గరయ్యారా? అది తెలియాలంటే విద్యార్థినే అడగాలి.

అందుకు మంచి ప్రశ్నావళులు ఉన్నాయి. విద్యా పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ రోవై 2002లో ప్రచురించిన క్లాస్‌రూమ్ కమ్యూనిటీ స్కేల్‌లో 20 వాక్యాలుంటాయి. పది తోటివాళ్లతో అనుబంధం గురించి, పది నేర్చుకోవడం గురించి. ఒక్కోదానికి 0 నుంచి 4 పాయింట్లు, మొత్తం 80. సగం వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి, వాటి పాయింట్లను తిరగేసి లెక్కించాలి. చదవకుండా అన్నిటికీ ఒకే జవాబు టిక్ పెట్టినవాళ్లు అక్కడే బయటపడతారు. ఆన్‌లైన్ విద్యార్థుల మధ్య అనుబంధాన్ని కొలవడానికి 2012లో బొలిగర్, ఇనాన్ అనే పరిశోధకులు తయారుచేసిన 25 ప్రశ్నల సర్వే కూడా ఉంది.

అయితే నా బెంగ ప్రశ్నల గురించి కాదు, వాటిని అడిగే సమయం గురించి. చాలా చోట్ల ఈ సర్వే కోర్సు చివర్లో పెడతారు. ఎవరూ పట్టించుకోలేదనిపించి మధ్యలో మానేసినవాళ్లు అప్పటికి ఉండరు కదా! మిగిలినవాళ్లే జవాబిస్తారు, సగటు బాగుంటుంది, మనం సంతోషపడతాం. ఒంటరిగా ఉన్నవాళ్లు ఎంతమంది వెళ్లిపోతే స్కోరు అంత పెరిగే కొలత అది. దాన్ని నమ్మి కోర్సు బాగుందనుకోవడం విద్యార్థులకు అన్యాయం.

అందుకే మొదటి వారాల్లోనే ఒకసారి, సగంలో ఇంకోసారి అడగండి. ఎవరికివారే పెట్టుకునే కోడ్ వాడితే, పేరు బయటపడకుండానే ఒకే మనిషి రెండు జవాబులనూ పోల్చవచ్చు. మార్కులు వేసే టీచర్‌కి పేర్లు తెలుస్తాయన్న టెన్షన్ ఉంటే ఎవరూ నిజం రాయరు. సగటు ఒక్కటే చూడకండి. సగటు 40 అంటే అందరూ మధ్యలో ఉండవచ్చు, లేదా సగం మంది 65 దగ్గర, సగం మంది 15 దగ్గర ఉండవచ్చు. రెండూ వేర్వేరు క్లాసులు.

ఇంకో ప్రశ్న నేనైతే తప్పక చేరుస్తాను: "తోటివాళ్లతో ఇంతకంటే పరిచయం కావాలని మీకుందా?" ఉద్యోగం చేసుకుంటూ చదివే కొందరికి పాఠం అందితే చాలు. వాళ్ల తక్కువ స్కోరు బాధ కాదు. కావాలనుకుని దొరకనివాళ్ల సంగతి వేరు. నలుగురైదుగురి చిన్న గ్రూపులు, పేరు పెట్టి రాసే టీచర్ జవాబులు, ముందు వాళ్ల కోసం మొదలుపెట్టి, మళ్లీ కొలవండి.