పెద్ద ఓబులేసు పేరు ఏ గడిలో రాయాలి?

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో మాట్లాడమంటే నాకు కొంచెం భయమే. ఎంత గొప్పగా చెప్పినా, చివర్లో ఒకరు లేచి "అదంతా సరే సార్, పనయితాదా లేదా?" అంటారు. ప్రభుత్వ సేవలకు సాఫ్ట్‌వేర్ రాసే మాలాంటివాళ్లను అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

ముందు పేరు సంగతి. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. మన సీమలో ఒకే ఇంట్లో పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఉంటారు. 'పెద్ద' ఏ గడిలోకి పోవాలి? మనకు ముందొచ్చే ఇంటిపేరు, 'లాస్ట్' ఎట్లయింది? ఆధార్‌లో విడదీసి, పట్టాదారు పాస్‌బుక్‌లో పెద్దోబులేసు అని కలిపి, బ్యాంకులో పి. ఓబులేసు అని పడుతుంది. ఊళ్లో అందరికీ ఆయన ఒక్కడే. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు.

బ్రిటన్‌లో 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగం పెట్టారు. వాళ్ల డిజైన్ సూత్రాల్లో మొదటిది, ప్రజల అవసరంతో మొదలుపెట్టమని. ఇట్లాంటి మాటలు మన మీటింగుల్లోనూ వింటూనే ఉంటాం. వాళ్లు ఆ మాటను ఫారంలో గడి దాకా తీసుకుపోయారు. పూర్తి పేరుకు ఒకటే గడి పెడితే ఎక్కువ రకాల పేర్లు పడతాయి, అందరి పేర్లూ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ తీరులో ఇమడవు అని సలహా రాసి పెట్టారు. నాకు నచ్చింది అది.

ఇప్పుడు భూమి. 2.5 ఎకరాలంటే ఎంత? మీరు రెండున్నర అంటారు. రైతును అడగండి, రెండెకరాల ఐదు సెంట్లు అనేవాళ్లు కూడా ఉంటారు. ఎకరాకు నూరు సెంట్లు కాబట్టి ఐదు సెంట్లంటే 2.05 అని రాయాలి. చుక్క పక్కన ఒక సున్నా మరిచిపోతే నలభై ఐదు సెంట్లు తేడా! ఎకరాలకు ఒక గడి, సెంట్లకు ఇంకో గడి పెడితే ఈ తిప్పలే ఉండదు. పేరుకు రెండు గళ్లు వద్దన్నవాణ్ణే భూమికి రెండు కావాలంటున్నా, చూడండి.

ఇక ఓటీపీ. ఒక ఊళ్లో కౌంటర్ పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నా. ఒక పెద్దామె వచ్చింది. ఆపరేటర్ బటన్ నొక్కి "నంబర్ వచ్చింటాది, చెప్పవ్వా" అన్నాడు. "ఫోను మావాని కాడ ఉంది నాయనా, వాడు బెంగుళూర్లో సెంట్రింగ్ పనికి పోయినాడు" అంది. ఫోన్ చేశారు, ఎత్తలేదు. మళ్లీ చేశారు. పైనుంచి దిగి, చేతులు తుడుచుకొని, మెసేజ్ వెతికి ఆ అబ్బాయి నంబర్ చదివేసరికి టైమ్ అయిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి ఆపరేటర్ విసుక్కుంటే, తప్పు తనదే అన్నట్టు ఆమె తల దించుకుంది. ఆ మూడు నిమిషాల గడువు పెట్టింది మా టీమే. భద్రత కోసం అని నోట్‌లో రాసుకున్నాం. ఫోను ఎవరి చేతిలో ఉంటుందని మాలో ఒక్కరూ అడగలేదు. వేలిముద్రకు పోదామంటే చెనక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు అరిగిపోయాయి.

మన దగ్గర ప్రయత్నాలకు కొదవ లేదు. 2011లో మీసేవ, 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్‌లోనే 161 సేవలతో మన మిత్ర వచ్చాయి. జనం అప్పటికే వాడుతున్న వాట్సాప్‌లోకి సేవను తేవడం మంచి ఆలోచన, నేను ఒప్పుకుంటా. కానీ తలుపు మార్చినంత మాత్రాన లోపలి గది మారదు. పేరు కలవని రికార్డు వాట్సాప్‌లోనూ కలవదు.

మీ ప్రాజెక్టుకు టాపిక్ కావాలన్నారు కదా. ల్యాప్‌టాప్ హాస్టల్లోనే పెట్టి, దగ్గర్లోని సచివాలయానికి పోండి. అక్కడ కంప్యూటర్లో దరఖాస్తులు ఎక్కించే ఉద్యోగిని, అదే డిజిటల్ అసిస్టెంట్‌ను అడిగి, ఒక పూట ఆయన పక్కన కూర్చోండి. ఆయన మానిటర్ అంచుకు అంటించుకున్న చీటీలు చూడండి. 'ఇక్కడ స్పేస్ కొట్టకూడదు', 'తేదీ ఇట్లే కొట్టాలి', 'ముందు సేవ్, తర్వాతే ప్రింట్' అని ఉంటాయి. మేం డిజైన్‌లో వదిలేసినవన్నీ ఆయన చేత్తో రాసుకున్నాడు. ఆయన ఒప్పుకుంటే ఒక్కో చీటీ మీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకొని రండి. వచ్చే వారం వాటితోనే మొదలుపెడదాం.