యాంటీవైరస్ రివ్యూ: ఆకుపచ్చ టిక్కు వెనక ఉన్న వెర్షన్ సంఖ్య

నమస్కారం. ఈసారి వీడియో అమలాపురంలోని నా గదిలో కాకుండా అంబాజీపేటలో మా మామయ్య కొబ్బరి కొట్టులో తీస్తున్నాను. వెనక వినిపిస్తున్నది కాయలు ఒలిచే చప్పుడు. సాయంత్రానికి లారీ కదలాలి కాబట్టి పని ఆపమని అడగలేదు, కాస్త ఓర్చుకోండి.

ఏ యాంటీవైరస్ మంచిది, ఏది ఎక్కువ వైరస్‌లను పడుతుంది అని మీలో చాలామంది రివ్యూ అడిగారు. మామయ్య కంప్యూటర్ చూశాక, దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఆ యాంటీవైరస్‌లోనే లొసుగు బయటపడితే తయారుచేసినవారు ఎన్నాళ్లకు పూడుస్తున్నారు? పూడ్చిన వెర్షన్ మన కంప్యూటర్ దాకా వస్తోందా?

ఇదిగో, తెర చూడండి. కుడివైపు కింది మూలలో చిన్న డాలు బొమ్మ, దాని మీద ఆకుపచ్చ టిక్కు. "చూడరా, ఈ పొద్దున్నే అప్‌డేట్ అయింది" అని మామయ్య ఎంతో ధీమాగా చూపించారు. నిజమే, వైరస్ డెఫినిషన్ల, అంటే వైరస్‌లను గుర్తుపట్టే ఆనవాళ్ల తేదీ ఈ రోజుదే. కానీ అదే కిటికీలో అబౌట్ అన్నచోట నొక్కితే ప్రోగ్రామ్ వెర్షన్ అయిదేళ్ల కిందటిది. అప్పట్లో ఒకరు సీడీ తెచ్చి వేసి వెళ్లారు. ఏటా డబ్బు కట్టి కొత్త కీ కొడుతున్నారు, గడువు పెరుగుతోంది, ప్రోగ్రామ్ మాత్రం అదే. దాని పేరు చెప్పను. ఈ పరిస్థితి ఏ కంపెనీ వినియోగదారుడికైనా రావచ్చు. పాలకొల్లులో, రావులపాలెంలో ఎరువుల కొట్లకు, ధాన్యం మిల్లులకు కంప్యూటర్లు బాగుచేయడానికి వెళ్లినప్పుడు ఇలాంటివి ఎన్నో చూశాను.

అయిదేళ్ల పాతదైతే ఏమవుతుంది అని అడగవచ్చు. యాంటీవైరస్ చేసే పని ఏమిటో ఆలోచించండి. మెయిల్‌లో వచ్చిన జిప్ ఫైలు, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన వర్డ్ ఫైలు, బ్రౌజర్ దించుకున్న బొమ్మ, ఏది వచ్చినా మనకంటే ముందు అదే విప్పి చూడాలి. రార్, పీడీఎఫ్, జావాస్క్రిప్ట్, ఎవరూ వాడని పాతకాలపు డిస్క్ ఇమేజ్‌లు, ఇలా లెక్కలేనన్ని రకాల ఫైళ్లు విప్పే కోడు దానిలో ఉండాలి. ఆ కోడు చాలావరకు సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఉంటుంది. ఫైలులో రాసి ఉన్న పరిమాణాన్ని సరిచూడకుండా నమ్మి, కేటాయించిన చోటు పట్టనంత సమాచారం పోస్తే అది పక్క మెమరీలోకి పొంగుతుంది. తెలిసినవాడు ఆ పొంగును మలిచి తన కోడు నడిపించుకోగలడు. బఫర్ ఓవర్‌ఫ్లో అనేది ఇదే. పైగా చాలా యాంటీవైరస్‌లలో ఈ విప్పే పని కంప్యూటర్‌లో అత్యున్నత అధికారంతో జరుగుతుంది.

మన వైపు వారికి ఇది సులువుగా తెలుస్తుంది. వరద వచ్చినప్పుడు ఏటిగట్టు మీద ముందు కాపలా పెట్టేది తూముల దగ్గర. నీరు తీసుకోవడానికి గట్టును మనమే కోసిన చోటు అది. యాంటీవైరస్‌లో ఫైలు విప్పే ప్రతి భాగమూ ఒక తూము.

ఇక చరిత్రలోకి వెళ్దాం. 2004 మార్చిలో విట్టీ అనే వార్మ్, అంటే నెట్ మీద తనంతట తానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకే ప్రోగ్రామ్ వచ్చింది. అది దాడి చేసింది యాంటీవైరస్ మీద కాదు కానీ దాని దగ్గరి చుట్టమే, నెట్ నుంచి వచ్చే రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ మీద, ఇంటర్నెట్ సెక్యూరిటీ సిస్టమ్స్ కంపెనీ బ్లాక్‌ఐస్, ఇంకా దాని తోటి ఉత్పత్తుల మీద. లొసుగు బహిరంగమైన దాదాపు ఒక్క రోజులోనే వార్మ్ బయలుదేరి, సుమారు 12,000 కంప్యూటర్లను పట్టి, వాటి హార్డ్‌డిస్కుల మీద చెత్త రాసుకుంటూ పోయింది. దెబ్బతిన్నవారు భద్రత కోసం ఆ కంపెనీ ఉత్పత్తులు వేసుకున్నవారే. రక్షణ లేనివారి జోలికి అది పోలేదు. ఈ విషయం మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

తరువాతి పెద్ద పాఠం 2016లో సిమాంటెక్ అనే యాంటీవైరస్ కంపెనీది, దీని దగ్గర కొంచెం సేపు ఆగుదాం. నార్టన్ యాంటీవైరస్ కూడా అప్పుడు ఆ కంపెనీదే, ఇంజన్, అంటే ఫైళ్లను విప్పి పరీక్షించే భాగం కూడా ఒకటే. ప్రోగ్రామ్‌లలో లొసుగులు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే టావిస్ ఓర్మండీ ఆ ఇంజన్‌ను విప్పి చూశాడు. కుదించిన ప్రోగ్రామ్ ఫైళ్లను విప్పే భాగాన్ని, విండోస్‌లో ఏకంగా కెర్నల్‌లోనే నడుపుతున్నారు. కెర్నల్ అంటే కంప్యూటర్‌కు గుండెకాయ, అక్కడ మెమరీ చెడితే ఇక అడ్డుకునేవారు లేరు. మీరు మెయిల్ తెరవనక్కర్లేదు, అటాచ్‌మెంట్ నొక్కనక్కర్లేదు. మెయిల్ వచ్చి పడితే చాలు, యాంటీవైరస్ తనంతట తానే దాన్ని విప్పి దెబ్బ తినేది. ఇంకా బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, రార్, క్యాబ్ ఫైళ్లు విప్పడానికి వాళ్లు వాడిన ఓపెన్ సోర్స్ కోడును కనీసం ఏడేళ్లుగా కొత్తది చేయలేదు. అసలు రచయితలు ఎప్పుడో పూడ్చిన లొసుగులు ఇందులో అలాగే ఉండిపోయాయి.

ఓర్మండీ ఆ లోపాన్ని నిరూపించే ఫైలును పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో సిమాంటెక్‌కు పంపాడు. ఈ రంగంలో వైరస్ నమూనాలు పంపుకునేటప్పుడు ఇన్ఫెక్టెడ్ అనే పదాన్నే పాస్‌వర్డ్‌గా పెట్టడం అలవాటు. వాళ్ల నుంచి జవాబు లేదు, ఆ తరువాత, మీరు పంపిన నివేదిక ఏదైనా మాకు అందకుండా పోయిందా అని వాళ్లే అడిగారు. వాళ్ల మెయిల్ సర్వర్ పాస్‌వర్డ్ ఊహించి, జిప్ విప్పి, ఆ ఫైలుతోనే కూలిపోయి ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఈసారి ఎవరూ ఊహించలేని పాస్‌వర్డ్ పెట్టి మళ్లీ పంపాడు.

ఆ ఏడాది మే, జూన్ నెలల్లో కంపెనీ ప్యాచ్‌లు, అంటే లొసుగులు పూడ్చే అప్‌డేట్లు ఇచ్చింది. కొన్ని ఉత్పత్తుల్లో అవి వాటంతట అవి వచ్చేశాయి, కొన్నింటిలో మాత్రం మనిషి కూర్చుని కొత్త వెర్షన్ వేయవలసి వచ్చింది. మామయ్య కంప్యూటర్ సరిగ్గా ఆ రెండో జాబితాలాంటి చోట ఉంది.

విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ వారి యాంటీవైరస్ డిఫెండర్‌కూ మినహాయింపు లేదు. 2017 మే నెలలో ఇదే ఓర్మండీ, నటాలీ సిల్వనోవిచ్ కలిసి దాని ఇంజన్‌లో లోపం పట్టారు. ఫైలు జావాస్క్రిప్ట్‌లా కనిపిస్తే ఇంజన్ దాన్ని లోపల నడిపి పరీక్షించేది, అదీ ఏ కంచె లేకుండా సిస్టమ్ అధికారంతో. కానీ ఇక్కడ నాకు మెచ్చుకోవాలనిపించిన విషయం ఒకటుంది. మైక్రోసాఫ్ట్ రోజుల వ్యవధిలోనే, మే 8న, 1.1.13704.0 అనే ఇంజన్ వెర్షన్ విడుదల చేసింది. అది డెఫినిషన్లతో పాటే కంప్యూటర్లలోకి దిగిపోయింది, ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేకపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ రార్ విప్పే కోడులోనే ఇంకొకటి దొరికింది. బయటి కోడు తెచ్చుకుని, అందులో రుణ సంఖ్యలు పట్టే చోట్లను ధన సంఖ్యలకే పరిమితం చేయడంతో, అసలు కోడు చేసే సరిచూపు పనిచేయకుండా పోయింది.

2021 ఫిబ్రవరిలో పూడ్చిన డిఫెండర్ లోపం వేరే తరహాది. కనీసం 2009 నుంచి, అంటే పన్నెండేళ్లు ఎవరికీ కనిపించలేదు. వైరస్ ఫైళ్లను తొలగించే సమయంలో మాత్రమే కొద్దిసేపు వచ్చి పోయే డ్రైవర్‌లో, అంటే కెర్నల్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్‌లో ఉండటమే కారణం. అవాస్ట్, ఏవీజీ అనే యాంటీవైరస్‌లలో రూట్‌కిట్‌లను, అంటే సిస్టమ్ లోతుల్లో దాక్కునే వైరస్‌లను పట్టే డ్రైవర్‌లో ఏళ్ల తరబడి ఉన్న రెండు లోపాలను 2022 ఫిబ్రవరిలో 22.1 వెర్షన్‌తో సరిచేశారు.

ఈ డ్రైవర్ కథకు కొనసాగింపు ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే అవోస్‌లాకర్ అనే రాన్సమ్‌వేర్ ముఠా ఆ అవాస్ట్ పాత డ్రైవర్‌నే తమ వెంట తెచ్చుకుని, బాధితుల కంప్యూటర్లలో దించి, దాని అధికారంతో అక్కడున్న భద్రతా ప్రోగ్రామ్‌లను చంపేసింది. అసలైన కంపెనీ సంతకం ఉన్న డ్రైవర్ కాబట్టి విండోస్ దాన్ని అనుమతించింది. అంటే ఒక పాత వెర్షన్ వల్ల అది ఏనాడూ వేసుకోనివారికీ ప్రమాదమే.

మన దేశపు యాంటీవైరస్ ఈస్కాన్ సంగతి కూడా చెప్పాలి. గుప్టీమైనర్ అని పేరు పెట్టిన దాడి వివరాలను 2024 ఏప్రిల్‌లో అవాస్ట్ పరిశోధకులు బయటపెట్టారు. ఈస్కాన్ అప్‌డేట్లు ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చేవి. దారిలో కాపువేసినవారు అసలు మూటను తీసి తమ మూట పెట్టారు, యాంటీవైరస్ దాన్ని తన అప్‌డేటే అనుకుని నడిపింది. ఆ లోపాన్ని 2023 జూలై 31న సరిచేసినట్లు కంపెనీ చెప్పింది. ఇక మెయిల్ సర్వర్లలో విరివిగా వాడే క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్‌లో 2023 ఫిబ్రవరిలో పూడ్చిన లోపం ఆపిల్ పాత డిస్క్ ఫైళ్లను విప్పే భాగంలోది. చూశారా, మళ్లీ తూము దగ్గరే.

క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ సంగతి ఎందుకు చెప్పలేదు అంటారేమో. 2024 జూలై 19న దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన రోజు అది. అక్కడ దాడి లేదు, తప్పుగా తయారైన అప్‌డేట్ ఫైలు ఒకటి కెర్నల్‌లో ఉన్న డ్రైవర్‌ను పడగొట్టింది. అంత అధికారం ఉన్నచోట పొరపాటు కూడా ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి మాత్రమే గుర్తుచేశాను.

ఇప్పుడు మీ కంప్యూటర్ సంగతి. యాంటీవైరస్‌లో మారవలసినవి మూడు: డెఫినిషన్లు, ఇంజన్, ప్రోగ్రామ్. డెఫినిషన్లు అంటే కొత్త వైరస్‌ల ఆనవాళ్లు, రోజూ వస్తాయి, ఆకుపచ్చ టిక్కు చాలావరకు వీటినే చూసి వెలుగుతుంది. ధవళేశ్వరంలో వరద నీటిమట్టం గంటగంటకూ చెబుతారు, 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ లెక్క తెలియడం చాలా అవసరం. కానీ నీటిమట్టం ఎంత సరిగ్గా రాసుకున్నా గట్టు మీద ఒక్క తట్ట మట్టి కూడా పడదు. గట్టుకు మట్టి పోసేది ఇంజన్, ప్రోగ్రామ్ అప్‌డేట్లు. ఇప్పటిదాకా నేను చెప్పిన లోపాల్లో ఏ ఒక్కటీ కొత్త ఆనవాళ్లతో పూడలేదు.

డిఫెండర్ వాడేవారు విండోస్ సెక్యూరిటీ తెరిచి, కింద సెట్టింగ్స్, అందులో అబౌట్ నొక్కండి. ఇంజన్ వెర్షన్, క్లయింట్ వెర్షన్ విడివిడిగా కనిపిస్తాయి. వేరే యాంటీవైరస్ అయితే డాలు బొమ్మ మీద కుడి బటన్ నొక్కి అబౌట్ చూసి, ఆ సంఖ్యను కంపెనీ సొంత సైటులో ఉన్న తాజా వెర్షన్‌తో పోల్చండి. తేడా ఉంటే ప్రోగ్రామ్‌ను కొత్తది చేయండి, కీ మార్చి ఊరుకోవద్దు. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగతనంగా తాళం తీసిన యాంటీవైరస్ వాడేవారికి నా విన్నపం ఒక్కటే, ఈ రోజే తీసేయండి. అప్‌డేట్లు ఆగిన ప్రోగ్రామ్‌కు సిస్టమ్ అధికారం ఇచ్చి కూర్చోబెట్టడం కంటే అది లేకపోవడమే మేలు.

నా తీర్పు కూడా సూటిగా చెబుతాను. విండోస్ 11 ఉన్న ఇంటికి, చిన్న కొట్టుకు డిఫెండర్ చాలు. లోపాలు లేవని కాదు, ఇప్పుడే చెప్పుకున్నాం. దాని ఇంజన్ తనంతట తానే మారుతుంది, పైగా 2018 అక్టోబరులో ఆ ఇంజన్‌ను శాండ్‌బాక్స్‌లో, అంటే అధికారం తగ్గించిన ప్రత్యేక గదిలో నడిపే ఏర్పాటు తెచ్చారు. డబ్బు పెట్టి కొనాలనుకుంటే, ఎన్ని వైరస్‌లు పట్టిందో చూసేముందు ఆ కంపెనీ తన లోపాలను బహిరంగంగా ప్రకటిస్తుందో లేదో చూడండి. లోపాల ప్రకటనలు ఎక్కువగా కనిపించే కంపెనీని చూసి భయపడకండి. ఒక్కటీ ప్రకటించని కంపెనీని చూస్తేనే నాకు భయం.

మామయ్యది విండోస్ 10. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. డిఫెండర్ డెఫినిషన్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అంటే విండోస్ పాతబడిపోయినా టిక్కు ఆకుపచ్చగానే ఉండగలదు, జాగ్రత్త. పాత యాంటీవైరస్‌ను దాని కంపెనీ ఇచ్చే తొలగింపు టూల్‌తోనే తీసేశాను, ఎందుకంటే మామూలుగా తీస్తే డ్రైవర్ ఫైళ్లు మిగిలిపోవచ్చు. రీస్టార్ట్ చేయగానే డిఫెండర్ తనంతట తాను లేచింది. బ్యాంకు పనులకు, మెయిల్‌కు కొత్త కంప్యూటర్ కొనడానికి మామయ్య ఒప్పుకున్నారు. ఈ పాతది కురిడీ లెక్కలకు మాత్రమే, నెట్ తీగ ఇదిగో, పీకేశాను.

బయట ఒలుపు పూర్తయినట్టుంది, చప్పుడు ఆగింది. లారీ బిల్లు కొట్టి ఇవ్వాలి. ఉంటాను.