నో బిడ్ బేలు, ఢిల్లీలో ఒక గది

అందరికీ నమస్కారం. ఈ మాటలు ఒంగోల్లో చెప్పమన్నారు. కాదు, టంగుటూరులోనే చెప్తానన్నాను. పొగాకు వేలంలో నో బిడ్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బేలు, అదే పొగాకు కట్ట, విప్పుతారు, కొనేవాళ్ళు వరసగా నడుస్తూ ఆకు పట్టి చూస్తారు, ఎవరూ పాట పెట్టరు. బేలు మళ్ళీ ట్రాక్టరెక్కుతుంది. ఒక ఏడాది నావీ అలాగే ఇంటికొచ్చాయి. అప్పుడు మనం తిట్టేది ఎవర్ని? పొగాకు బోర్డుని, కోపం ఎక్కువైతే ఎంపీని.

ఆ బోర్డు 1975 నాటి చట్టంతో వచ్చింది, కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంది. మరి ఆ శాఖని నిలదీసేది ఎవరు? టీవీలో కనబడే పార్లమెంటు సభ అనుకుంటాం. సభకి అంత తీరిక లేదండీ. బడ్జెట్‌లో చాలా శాఖల పద్దులు చర్చే లేకుండా ఒక్కపెట్టున పాసైపోతాయి. దాన్ని గిలెటిన్ అంటారు, తలలు నరికే యంత్రం పేరది, పేరే చెప్తోంది.

అసలు నిలదీత జరిగేది స్థాయీ సంఘాల్లో, అంటే శాఖల పని చూసే ఎంపీల స్టాండింగ్ కమిటీల్లో. 1993లో 17తో మొదలుపెట్టారు, 2004లో 24 చేశారు. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. తన పేపరు తానే దిద్దుకుంటే మార్కులకి కొదవేముంటుంది! శాఖ కార్యదర్శి ఫైళ్ళతో వచ్చి ఎదురుగా కూర్చోవాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. లోపల కెమెరాలుండవు. అందుకే అధికార పార్టీ సభ్యుడు కూడా సొంత ప్రభుత్వాన్ని సూటిగా అడగగలుగుతాడు. సభలో అరుచుకున్నవాళ్ళే అక్కడ పక్కపక్కన కూర్చుని లెక్కలు చూస్తారు. మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారు రాజ్యసభ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు ఈ సంఘాల్లో సభ్యుల హాజరు ఎంతుందో లెక్క తీయించేవారు. రాకుండా ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారన్నమాట.

సంఘం చెప్పింది ప్రభుత్వం వినే తీరాలని లేదు. కానీ ఏం చేశారో మూడు నెలల్లో రాసివ్వాలి. చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పాలి. దాని మీద సంఘం మళ్ళీ ఇంకో నివేదిక ఇస్తుంది.

బిల్లుల సంగతే నాకు గుబులు. 15వ లోక్‌సభలో పదింట ఏడు బిల్లులు సంఘాలకు వెళ్ళాయి. 17వ లోక్‌సభకి వచ్చేసరికి ఆరింట ఒకటి. 2020లో సాగు బిల్లులు ఏ సంఘానికీ పంపలేదు, తర్వాత ఏమైందో చూశాం. 2023 ఆగస్టులో కొత్త నేర చట్టాల బిల్లులు హోం శాఖ సంఘానికి వెళ్ళాయి. నవంబరులో నివేదిక వచ్చింది, డిసెంబరులో ప్రభుత్వం ఆ బిల్లుల్ని వెనక్కి తీసుకుని మార్పులతో మళ్ళీ పెట్టింది. మూడు నెలలు ఆగితే ఎవరి కొంపా మునగలేదు.

సంఘం ఏదైనా బిల్లు చేతికి తీసుకున్నప్పుడు అభిప్రాయాలు పంపండని పేపర్లో ప్రకటన వేస్తుంది. ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, మన పిల్లలు చదువుకున్నారుగా. ప్రకటన వచ్చాక పరిగెత్తడం కంటే ఇప్పట్నుంచే కాగితాలు సిద్ధంగా పెట్టుకుందాం. బేలు ఎన్నిసార్లు తిరిగొచ్చింది, ట్రాక్టరు బాడుగ ఎంతయింది, తేదీలతో సహా చీటీలుంటే పట్టుకురండి. మైకు కట్టేశాక నేను ఈ బల్ల దగ్గరే ఉంటాను.